ఉత్తమ అధ్యాపక పురస్కారం: బోధనకూ పరిశోధనకూ కలిపి మార్కులు వేయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. వచ్చే సెప్టెంబరు 5 నుంచి మీ విశ్వవిద్యాలయంలో ఏటా ఒక ఉత్తమ అధ్యాపకుణ్ణి సన్మానించాలని నిర్ణయించారు. బోధనకు 50, పరిశోధనకు 50 మార్కులు. అధ్యాపకులే దరఖాస్తు పెట్టుకోవాలి. నిబంధనలు రాసే పని మీ మీద పడింది. ఈ పద్ధతి సరైనదేనా, పైరవీలకు చోటు లేకుండా ఎలా నడపాలి, నగదు ఎంత ఉండాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ 50-50 విధానం వద్దు. బోధనకు ఒకటి, పరిశోధనకు ఒకటి, రెండు పురస్కారాలు విడివిడిగా పెట్టండి. దరఖాస్తులు మానేసి, ఇతరులు పేర్లు ప్రతిపాదించే పద్ధతి తీసుకోండి. ఎంపిక సంఘం వ్యాసాలు లెక్కపెట్టకుండా చదవాలి, తరగతికి వెళ్లి కూర్చోవాలి. తగినవారు కనిపించని ఏడాది పురస్కారం ఇవ్వకుండా ఆపే అధికారం సంఘానికి ఉండాలి. ఎవరిని ఎంపిక చేసినా ఎందుకు చేశారో ఒక పేజీలో రాసి అందరికీ కనిపించేలా పెట్టాలి. ఈ చివరి నిబంధన ఒక్కటి గట్టిగా పట్టుకున్నా పైరవీలు చాలావరకు తగ్గుతాయి.

ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చాలాకాలం పాఠం చెప్పి, అంతర్గత నాణ్యతా విభాగం బాధ్యత చూసి, ఇతర విశ్వవిద్యాలయాల ఎంపిక సంఘాల్లో బయటి సభ్యురాలిగా కూర్చున్న అనుభవంతో ఇది రాస్తున్నాను.

ముందు ఆ 50-50 సంగతి. మంచి పరిశోధకుడు మంచి అధ్యాపకుడై తీరతాడని మన విశ్వవిద్యాలయాల్లో ఒక నమ్మకం ఉంది. 1996లో జాన్ హ్యాటీ, హెర్బర్ట్ మార్ష్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు అప్పటివరకు వచ్చిన 58 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. పరిశోధన ప్రతిభకూ బోధన ప్రతిభకూ మధ్య సహసంబంధం 0.06 అని తేలింది, అంటే దాదాపు ఏమీ లేదు. రెండూ ఉన్నవారు ఉంటారు, ఒకటే ఉన్నవారూ ఉంటారు. ఒకటి చూసి రెండోది ఊహించలేం. అలాంటి రెండింటికి మార్కులు వేసి కూడడం, సోలతో కొలిచినదాన్నీ తక్కెడలో తూచినదాన్నీ ఒకే లెక్కలో కలపడమే.

ఆచరణలో జరిగేది ఇంకా అన్యాయం. పరిశోధన వైపు లెక్కపెట్టడానికి వ్యాసాలు, ప్రాజెక్టులు, పేటెంట్లు ఉంటాయి కాబట్టి అక్కడ ఒకరికి 45, మరొకరికి 12 వస్తాయి. బోధన వైపు ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక సంఘం అందరికీ 40కి అటూ ఇటూ వేస్తుంది. కూడి చూస్తే పరిశోధన మార్కులే గెలుస్తాయి. పేరుకు ఉత్తమ అధ్యాపకుడు, ఎంపిక మాత్రం వ్యాసాల సంఖ్యతో. నేను కూర్చున్న సంఘాల్లో మార్కుల పట్టిక పెట్టిన ప్రతిచోటా ఈ ధోరణి చూశాను. మొదటి ఏడాది పిల్లలకు పాఠం చెప్పడంలో జీవితం గడిపిన మనిషికి ఆ పట్టికలో చోటే ఉండదు.

రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదైన గొప్ప విషయమే. 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన టి.ఆర్. శేషాద్రి గారు వాల్తేరులో రసాయనశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. మొక్కల్లోని సహజ రసాయనాల మీద ఒక పరిశోధన సంప్రదాయాన్నే తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవలసి వచ్చినా ఆ పని ఆగలేదు. 1949లో ఢిల్లీకి వెళ్లారు, తరవాత రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆయన చేతిలో తయారైన శిష్యులే ఆయన బోధనకు సాక్ష్యం. అలాంటివారు మీ దగ్గర ఉంటే రెండు పురస్కారాలూ ఇవ్వండి, ఒకే ఏడాది ఇచ్చినా తప్పులేదు. ఆ ఒక్కరిని దృష్టిలో పెట్టుకుని నిబంధన రాసి, మిగిలినవారందరినీ దానితో కొలవకండి.

పరిశోధనకు: మూడు రచనలు చాలు

పేరు ప్రతిపాదనకు వచ్చిన అభ్యర్థి తన మొత్తం కృషిలో మూడు రచనలు ఎంచుకుని ఇవ్వాలి. ఒక్కొక్కదానికి అర పేజీ వివరణ: ఇందులో కొత్తగా తేలినది ఏమిటి, సహరచయితలు ఉంటే అందులో నా వంతు పని ఏది, దీన్ని ఆధారంగా చేసుకుని తరవాత ఎవరు ఏం చేశారు. ఈ మూడింటినీ ఆ రంగం తెలిసిన ఇద్దరు బయటివారికి పంపాలి. వాళ్లు అభ్యర్థికి గురువో, శిష్యుడో, సహరచయితో కాకూడదు. అంతే. వ్యాసాల మొత్తం సంఖ్య ఫారంలో అడగనే వద్దు. అడిగితే ఎవరో ఒకరు దాన్నే చూస్తారు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక పత్రిక వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె), హెచ్-ఇండెక్స్ (ఒక పరిశోధకుడి వ్యాసాల సంఖ్యనూ వాటిని ఉదహరించిన సంఖ్యనూ కలిపి చెప్పే అంకె) ఎందుకు వాడకూడదని సంఘంలో ఎవరైనా అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. పత్రిక పేరును బట్టి వ్యాసానికి విలువ కట్టవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన డోరా ప్రకటన చెప్పింది, ప్రపంచంలో ఎన్నో సంస్థలు దాని మీద సంతకం చేశాయి. నేను మాత్రం ఆ ప్రకటన కంటే సి.ఆర్. రావు గారి ఉదాహరణే చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన మన తెలుగు మనిషి. ఆయనకు 2023లో, 102 ఏళ్ల వయసులో, గణాంకశాస్త్ర అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఏ పనికి? 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వేసిన ఒక వ్యాసానికి. గణాంకశాస్త్రం చదివేవారందరికీ తెలిసిన క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోంచే వచ్చాయి. మన మార్కుల పట్టికలో ఆ పత్రికకు ఎంత వస్తుందో మీరే లెక్క వేయండి. ఆ వ్యాసం విలువ చదివినవారికే తెలిసింది.

ఇంకో కారణం కూడా ఉంది. 2010లో యూజీసీ నిబంధనలు పదోన్నతికి ఏపీఐ మార్కులు (వ్యాసాలు, సెమినార్ల వంటి పనులను లెక్కపెట్టి వేసేవి) తెచ్చాక, డబ్బు కట్టించుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు మన దేశంలో పుట్టగొడుగుల్లా పెరిగాయి. వాటిని అరికట్టడానికి తెచ్చిన యూజీసీ-కేర్ అనే ఆమోదిత పత్రికల జాబితాను కూడా 2025లో నిలిపివేశారు. పత్రికల మంచిచెడ్డలు ఇక సంస్థలే తేల్చుకోవాలి. కాబట్టి చదవడం తప్ప మీ సంఘానికి దారి లేదు, అది మంచిదే.

ఏటా కళాశాలల గేట్ల దగ్గర ఫ్లెక్సీల మీద కనిపించే 'ప్రపంచ అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తలు' గురించి ఒక మాట. అది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ఇయోనిడిస్ బృందం స్కోపస్ అనే పరిశోధన వ్యాసాల సమాచార నిధి ఆధారంగా, ఎవరి వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కవేసి తయారుచేసే జాబితా. ఎవరూ ఎవరినీ ఎంపిక చేసి సన్మానించలేదు. అందులో పేరు ఉండడం తప్పు కాదు, కానీ దాన్ని పురస్కారంగా లెక్కవేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. అలాగే నమోదు రుసుము కట్టించుకుని 'బెస్ట్ ఫ్యాకల్టీ', 'ఔట్‌స్టాండింగ్ రీసెర్చర్' పురస్కారాలు ఇచ్చే సంస్థల ఈమెయిళ్లు మనందరికీ వస్తాయి. డబ్బు కట్టి తెచ్చుకున్న ఏ పురస్కారాన్నీ మీ ఫారంలో రాయనివ్వకండి. కొత్తగా చేరిన పిల్లలు, పదోన్నతి కంగారులో, సొంత జీతంలోంచి వేలకు వేలు పోసి ఆ జ్ఞాపికలు కొనుక్కోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. మీ నిబంధనలో ఆ ఒక్క వాక్యం ఉంటే కొందరైనా ఆగుతారు.

తెలుగు, చరిత్ర, సంస్కృతం, శాసనశాస్త్రం వంటి విభాగాలవారి విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. ఒక ఎంపికలో తెలుగు శాఖ ఆచార్యుడి పేరు వచ్చింది. ఆయన తాళపత్ర ప్రతులను పోల్చి చూసి, పాఠభేదాలతో ఒక కావ్యానికి సరైన పాఠం తేల్చి పరిష్కరించారు. పదేళ్లకు పైబడిన పని. స్కోపస్‌లో సున్నా. విజ్ఞానశాస్త్ర విభాగాల సభ్యులు ఆ సున్నా దగ్గరే ఆగిపోయారు. అదృష్టవశాత్తు సంఘంలో ఉన్న ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లి, పీఠికా, పాదసూచికలూ చదివి, మరుసటి సమావేశంలో ఇది ప్రయోగశాల పని కంటే ఏ విధంగా తక్కువో చెప్పండి అని నిలదీశారు. ఆ ఏడాది పురస్కారం ఆ పరిష్కర్తకే వెళ్లింది. అందుకే విజ్ఞానశాస్త్రాలకు ఒకటి, మానవీయ, సామాజిక శాస్త్రాలకు ఒకటి చొప్పున పరిశోధన పురస్కారాన్ని రెండుగా విడగొట్టగలిగితే మరీ మంచిది.

బోధనకు: అసలు కష్టం ఇక్కడే

బోధనను కొలవలేమన్న నెపంతో అందరూ విద్యార్థుల అభిప్రాయ పత్రాల మీద పడతారు. మన దగ్గర ఆ పత్రాలు ఎలా నింపుతారో మీకు తెలుసు. హాల్ టికెట్ డౌన్‌లోడ్ కావాలంటే ముందు ఫారం నింపాలి, కాబట్టి పిల్లలు అన్నింటికీ ఒకే అంకె నొక్కి ముందుకు వెళ్తారు. శ్రద్ధగా నింపినా చిక్కులు ఉన్నాయి. అమెరికాలో 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఆన్‌లైన్ తరగతి చెప్పే ఒక పురుషుడూ ఒక స్త్రీ కొన్ని బృందాలకు తమ పేర్లు మార్చుకుని చెప్పారు. చెప్పినది ఎవరైనా సరే, పురుషుడు అని విద్యార్థులు అనుకున్నవారికే ఎక్కువ అంకెలు పడ్డాయి. చిన్న ప్రయోగమే, కానీ మహిళా అధ్యాపకులు ఎవరిని అడిగినా తమ అనుభవం అదేనని చెబుతారు. కఠినంగా దిద్దేవారికీ, గణితం వంటి తప్పనిసరి పాఠాలు చెప్పేవారికీ కూడా ఇదే నష్టం.

అంటే విద్యార్థుల మాట వద్దని కాదు. అడిగే తీరు మార్చాలి. "ఈ కోర్సులో మొదట అర్థంకాక తరవాత అర్థమైన విషయం ఒకటి రాయండి, ఎలా అర్థమైందో చెప్పండి" అని ఒకే ప్రశ్న అడిగి చూడండి. ఐదుకు ఎంత అని అడిగితే రాని సంగతులు బయటికి వస్తాయి. అంతకంటే విలువైనది చదువు ముగించి నాలుగైదేళ్లయిన పూర్వ విద్యార్థుల మాట. వాళ్లకు హాజరు భయం లేదు, ఇంటర్నల్ మార్కుల భయం లేదు. ఏ పాఠం తమతో మిగిలిందో వాళ్లకు అప్పటికి తెలిసి ఉంటుంది. విభాగం ఇచ్చిన జాబితాలోంచి సంఘమే కొందరిని ఎంచి ఫోను చేయాలి. అభ్యర్థి ఇచ్చిన పేర్లు మాత్రమే తీసుకుంటే ప్రయోజనం లేదు.

వీటితోపాటు నేను ప్రతిసారీ అడిగేవి రెండు ఉన్నాయి. ఒకటి, గత కొన్నేళ్లలో ఆ అధ్యాపకుడు తయారుచేసిన ప్రశ్నపత్రాలు. రెండోది, దిద్దిన మిడ్ పరీక్ష జవాబు పత్రాలు, ఏదో ఒక కట్ట, మేం ఎంచుకున్నది. ప్రశ్నపత్రం చూస్తే మనిషి ఏడాదికేడాది ఆలోచిస్తున్నాడో, పాత ప్రశ్నలే ముందూ వెనకా చేస్తున్నాడో తెలిసిపోతుంది. దిద్దిన పత్రాలు ఇంకా నిజం చెబుతాయి. ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలి కట్ట నాకు బాగా గుర్తుంది. తప్పు జవాబు పక్కన సున్నా వేసి వదిలేయకుండా, "రెండో మెట్టు వరకు సరిగ్గానే వచ్చావు, ఇక్కడ ఎలక్ట్రాన్లు ఎటు పోయాయో మళ్లీ చూడు" అని తెలుగులో రాసి ఉంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లల పత్రాల మీద అలాంటి మాటలు ఎక్కువ. ఆమె పేరు మీద వ్యాసాలు పెద్దగా లేవు, సెమినార్లు లేవు, ఎన్నడూ దేనికీ దరఖాస్తు పెట్టలేదు. సహోద్యోగి ఒకరు ప్రతిపాదించబట్టి ఆ కట్ట మా ముందుకు వచ్చింది. ప్రతిపాదన పద్ధతి ఎందుకని అంత పట్టుబడుతున్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. దరఖాస్తు పెట్టుకునే స్వభావం వేరు, పాఠం చెప్పే ప్రతిభ వేరు. మూడు వందల పేజీల ఫైలు స్పైరల్ బైండింగ్ చేయించుకుని వచ్చే అలవాటును పురస్కారం పెంచకూడదు.

తరగతి పరిశీలన కూడా చేయండి. ఏ వారం వస్తామో చెప్పాలి, ఏ గంటకో చెప్పనక్కరలేదు. ఇద్దరు వెళ్లాలి, వారిలో ఒకరు వేరే విభాగంవారై ఉండాలి. విషయం తెలియనివారు కూర్చుంటే పాఠం ఎక్కడ తెగిందో చక్కగా పట్టుకుంటారు.

ఉత్తీర్ణత శాతాలు మాత్రం ఆధారంగా తీసుకోకండి. అవి ప్రశ్నపత్రం గురించీ, చేరిన పిల్లల గురించీ ఎక్కువ చెబుతాయి.

కాంట్రాక్టు అధ్యాపకులను వదిలేయకండి

ఇది మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయిన మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పాఠాల భారం కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, అతిథి అధ్యాపకుల మీదే ఎక్కువగా ఉంది. 'రెగ్యులర్ అధ్యాపకులు మాత్రమే అర్హులు' అన్న ఒక వాక్యం రాస్తే, తరగతిలో ఉన్నవారిని పక్కన పెట్టి బోధనకు బహుమతి ఇస్తున్నట్లు అవుతుంది. కనీసం రెండేళ్లు వరుసగా పాఠం చెప్పినవారందరూ అర్హులే అని రాయండి. పాలకవర్గం అభ్యంతరపెడితే, ఇది పదోన్నతికీ క్రమబద్ధీకరణకూ సంబంధం లేని గౌరవమని నిబంధనలోనే స్పష్టం చేయండి.

ఇటువైపు అర్హత లేనివారి జాబితా కూడా కావాలి. వీసీ, రెక్టార్, రిజిస్ట్రార్, డీన్లు పదవిలో ఉన్నంతకాలం అనర్హులు. కేంద్రం 2023 నుంచి జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలను ఉన్నత విద్యాసంస్థల, పాలిటెక్నిక్‌ల అధ్యాపకులకు కూడా ఇస్తోంది, యోగ్యతాపత్రంతో పాటు 50,000 రూపాయలు, వెండి పతకం. అందులోనూ వీసీలు, డైరెక్టర్లు, ప్రిన్సిపాళ్లకు అర్హత లేదు. ఆ నిబంధనను చూపిస్తే మీ దగ్గర ఎవరూ కాదనలేరు.

పైరవీల సంగతి అడిగారు కదా. సంఘంలో సగానికి పైగా బయటివారు ఉండాలి. అభ్యర్థితో కలిసి రాసినవారు, పీహెచ్‌డీ గైడు, బంధువులు ఆ చర్చ సమయంలో గదిలో ఉండకూడదు, ఉండలేదని మినిట్స్‌లో రాయాలి. 'ఈసారి మా విభాగం వంతు' అన్న మాట మొదటి సమావేశంలోనే కొట్టేయండి. వంతులవారీగా వచ్చేదానికి ఎంపిక సంఘం ఎందుకు? ఇక మొదట్లో చెప్పిన ఆ ఒక పేజీ. దాన్ని యోగ్యతాపత్రం అని పిలవండి, ప్రశంసాపత్రం అని పిలవండి, అందులో 'విశేష సేవలు', 'అవిరళ కృషి' లాంటి మాటలు నిషేధించండి. ఏ పాఠం, ఏ వ్యాసం, ఏ మార్పు, ఎవరికి ఉపయోగపడింది అన్నది రాయాలి. పైరవీతో వచ్చిన పేరు మీద అలాంటి పేజీ రాయడానికి కూర్చుంటే రెండో వాక్యం దగ్గరే కలం ఆగిపోతుంది. సభ్యులు ఆ ఇబ్బందిని ముందే ఊహించుకుంటారు, అందుకే ఆ పేరు చర్చలోనే జారిపోతుంది. నేను చూసిన అన్ని నిబంధనల్లోనూ ఇంత బాగా పనిచేసినది వేరొకటి లేదు.

సభ విషయానికి వస్తే, శాలువా, జ్ఞాపిక, పూలదండ ఉంచండి, అవి మన మర్యాద. కానీ వేదిక మీద అతిథుల ప్రసంగాలు గంటన్నర, పురస్కార గ్రహీతకు అర నిమిషం ఫోటో అన్న తీరు మార్చండి. ఆ ఒక పేజీని తెలుగులో, పూర్తిగా, గ్రహీత విద్యార్థి ఒకరు చదవాలి. కుటుంబాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. వీలైతే ఆ వారంలోనే గ్రహీత చేత అందరికీ తెరిచిన ఒక పాఠం చెప్పించండి, ఉపన్యాసం కాకుండా పాఠం. 1921లో రాధాకృష్ణన్ గారు మైసూరు విశ్వవిద్యాలయం వదిలి కలకత్తాకు వెళ్లేటప్పుడు విద్యార్థులే పూలతో అలంకరించిన బండిని రైల్వే స్టేషన్ దాకా లాగారు. తరవాత 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నప్పుడు ఆయన, తరవాత కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్, పార్లమెంటు సభ్యుడైన హిరేన్ ముఖర్జీ వంటి యువకులను వెతికి తెచ్చి అధ్యాపకులుగా పెట్టారు. అధ్యాపకుణ్ణి గౌరవించడమంటే పని చేసుకునే చోటు ఇవ్వడం కూడా అని ఆయనకు తెలుసు.

అందుకే నగదు ఎంత ఉండాలన్న మీ ప్రశ్నకు నా జవాబు కొంచెం వేరు. నగదు మీ దగ్గర ఎంత కుదిరితే అంత. దానికంటే ఒక సెమిస్టర్ బోధన భారం సగం తగ్గించడం పరిశోధకుడికి ఎక్కువ మేలు. బోధన పురస్కారం పొందినవారికి తరగతి గదికో, ల్యాబుకో, గ్రంథాలయానికో కావలసినవి తెప్పించుకునే చిన్న నిధి వారి పేరు మీద పెట్టండి. ఇచ్చిన మరుసటి నెలలోనే వారిని న్యాక్ (విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే సంస్థ) పనుల సమన్వయకర్తగా వేయకండి. ఇలా చాలాచోట్ల జరుగుతోంది, మంచి అధ్యాపకులు తరగతికి దూరమయ్యేది అక్కడే.

సమయం విషయంలో మాత్రం ఇప్పుడే నిర్ణయం తీసుకోవాలి. ప్రతిపాదనలకు ఒక నెల, బయటి నిపుణుల అభిప్రాయాలకు రెండు నెలలు, తరగతి పరిశీలనకు కనీసం ఒక సెమిస్టర్ కావాలి. జనవరిలో మొదలుపెడితేనే సెప్టెంబరుకు అందుతుంది. ఆలస్యమైతే మొదటి ఏడాది పరిశోధన పురస్కారం ఒక్కటే ఇచ్చి, బోధనది మరుసటి ఏడాదికి పెట్టుకోండి. ముసాయిదా రాశాక ఇక్కడే పెట్టండి, చదివి నా అభిప్రాయం చెబుతాను. తరగతి పరిశీలనకు మేం వాడిన ఒక పేజీ ఫారం నా దగ్గర ఉంది, కావాలంటే టైపు చేసి పంపుతాను.